మూడు పిలుపులకు గాని పలకని లసుమవ్వ

సిరిసిల్లలో ఆదివారం పొద్దున్నే గుట్టలెక్కే గుంపు ఒకటుంది. గుట్టలంటే పెద్దగా ఊహించుకోకండి. బస్సు దిగి నడక మొదలుపెడితే ఫ్లాస్కులో చాయ్ చల్లారకముందే పైకి చేరే గుట్టలవి. మా గుంపులో కొండల్ని పిండి చేసేవాళ్ళెవరూ లేరు. అందరం డాక్టర్లు తిట్టి పంపినవాళ్ళమే. నాకు షుగర్, పైగా జాకెట్లు కుట్టీ కుట్టీ పట్టేసిన నడుము. మమ్మల్ని నడిపించే రామస్వామన్నకు బీపీ. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ గుట్టకు ఏ బస్సో, ఎక్కడ దిగితే మంచి బాట దొరుకుతుందో ఆయన్నే అడగాలి. అందరం దిగామని చూసుకుని ఆయన "రైట్ రైట్" అంటే గానీ మేం కదలం. మానేరు ఒడ్డున నడిచాం, కొండగట్టుకు మెట్లదారిన ఎక్కాం, ఒకసారి జగిత్యాల దాకా పోయి ఊరి బయటి బండల మీద కూచుని అటుకులు తిని వచ్చాం.

ఆ గుంపులోకి ఎండాకాలంలో లసుమవ్వ వచ్చి చేరింది. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టినందుకు మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. భర్త పోయి అప్పటికి ఏడాది నిండలేదు. మాట మంచిది, నడక మంచిది, ఎవరి జోలికీ పోదు. అయినా మొదట్లో ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే పిలిస్తే పలకదు.

"లసుమక్కా, గా నీళ్ళ సీస అందుకో" అంటాను. ముందు నడుస్తున్న మనిషి వెనక్కి తిరగదు. "లసుమక్కా!" మళ్ళీ పిలుస్తాను. ఉహూఁ. మూడోసారి గొంతు చించుకుంటే అప్పుడు, ఏమీ జరగనట్టు, "ఆఁ, ఏంది చెల్లె?" అని తిరుగుతుంది. సాంచాల మోతకు చెవులు పోయి ఉంటాయనుకున్నాను. మా ఊళ్ళో మరమగ్గాల్ని సాంచాలంటారు. వాటి పక్కన బతికిన ఇళ్ళలో సగం మందికి చెవులు మందమే. రామస్వామన్న మాత్రం ఒప్పుకోలేదు.

"చెవులు మంచిగనే ఉన్నయి సుజాతా. గామె ఎక్స్‌ప్రెస్ బస్సు. రెండు స్టాపులు ఇడిసిపెట్టి మూడో స్టాపుల ఆగుతది" అన్నాడు.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు కోపం తగ్గి, కూపీ లాగాలన్న బుద్ధి పుట్టింది. బస్సులో పక్కన కూచుని అడిగితే దాచకుండా చెప్పింది.

ఆమె పుట్టింది పెగడపల్లి దగ్గరి ఒక పల్లెలో. తండ్రికి గుంత మగ్గం ఉండేది. పిల్లగా ఉన్నప్పుడు నాయనమ్మ వెంట గుట్టకు కట్టెలకు పోయేది. ఆ ముసలామె మనవరాలికి ఇచ్చిన ఆస్తి ఒకే ఒక్క మాట. ఒంటరి జాగాలో ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు, రెండో పిలుపుకూ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దయ్యానికి మూడో పిలుపు లేదు. తొందరపడి పలికావా, ప్రాణం దాని వెంట పోతుంది. ఈ మాట మా వైపు చాలామంది వింటారు, పెద్దయ్యాక మరిచిపోతారు. లసుమవ్వ మరిచిపోలేదు. గుట్ట మీది అలవాటు ఇంట్లోకీ వచ్చింది, పెళ్ళై సిరిసిల్లకు వస్తే వెంటే వచ్చింది. అత్త పిలిచినా మూడో పిలుపుకే, పాలవాడు పిలిచినా మూడో పిలుపుకే. వాడకట్టంతా నవ్వేది.

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమె భర్త మార్కండేయులు. సాంచాల మీద పనిచేసేవాడు కాబట్టి గొంతు పెద్దది. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు పిలిచి విసుక్కున్నాడట. తర్వాత ఉపాయం కనిపెట్టాడు. మూడు పిలుపులూ ఒకే ఊపిరిలో కలిపి పిలిచేవాడు. "లసుమలసుమలసుమా!" గల్లీ మొదట్లో ఆ కేక వినబడితే మార్కండేయులు షిఫ్టు దిగి వస్తున్నాడని అందరికీ తెలిసేది. ఎన్నేళ్ళు కాపురం చేసినా ఆయన ఆమెను ఇంకోలా పిలవలేదు.

ఇది చెప్తూ లసుమవ్వ కిటికీ వైపు తిరిగింది. దాహమేస్తోందనుకుని నేను నీళ్ళసీసా ఇచ్చాను.

మేం ఎక్కే గుట్టలన్నిటిలో ఆమెకు కావలసింది ఒక్కటే. గంభీరావుపేట దారిలో ఉన్న తునికిగుట్ట. మిగతావాటికి పిలిస్తే వచ్చేది, దీనికి పిలవకపోయినా వచ్చేది. బీడీలు చుట్టే ఆకు తునికి చెట్టుదే గదా, ఆ మమకారమేమో అనుకున్నాను. బాట తేలిక. దారిపొడుగునా సీతాఫలం పొదలు, నడుమ తునికి చెట్లు, పైన పలకరాళ్ళు. సగం దారిలో రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వాటిని చుట్టుకుని బాట పైకి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి లసుమవ్వ ఏదో వంకతో వెనకబడేది. చెప్పులో ముల్లు అనేది, దమ్ము వస్తున్నది అనేది. మేం పైకి చేరి చాయ్ తాగుతుంటే అప్పుడు వచ్చేది, ముఖం పాలిపోయి.

ఆ మలుపు నాకూ నచ్చేది కాదు. గుట్టంతా గాలి ఉంటుంది, అక్కడ ఉండదు. పిట్టలు కూడా ఆ కాస్త దూరం నోరు మూసుకున్నట్టుంటాయి. ఇది నా పిరికితనమే కావచ్చు. ఇప్పుడు మాత్రం నేను అక్కడ ఒంటరిగా నిలబడను.

వానాకాలంలో ఒక ఆదివారం ఆ బండల దగ్గరే నా కాలు జారింది. నాచు పట్టిన రాయి. మడమ మెలిపడి అక్కడే కూలబడ్డాను. మిగతావాళ్ళు పైకి వెళ్ళిపోయారు. లసుమవ్వ ఒక్కతే నాకు కాస్త ముందు, మలుపు తిరగబోతూ కనిపిస్తోంది.

"లసుమక్కా!"

ఆమె ఆగిపోయింది. తిరగలేదు. భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి.

"లసుమక్కా!"

వెన్ను నాకు స్పష్టంగా కనిపిస్తోంది. చీర కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడింది. చలికి వణికినట్టు వణుకుతోంది తప్ప అడుగు వెయ్యదు. నొప్పికి నాకు కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి, ఈవిడేమో లెక్కపెట్టుకుంటోంది! నా నోరు అసలే మంచిది కాదు.

"ఓ లసుమక్కా! నేను సచ్చినంక పలుకుతవా ఏంది?" అని అరిచాను.

ఆమె గిరుక్కున తిరిగింది. ఆ ముఖం నేను జన్మలో మరిచిపోలేను. పరుగెత్తుకొచ్చి నా ముందు కూలబడి, నా కాలు పట్టుకోవలసింది పోయి నా ముఖం రెండు చేతులతో పట్టుకుని తడిమింది. బతికే ఉన్నానా లేదా అని చూసినట్టు చూసింది. తర్వాత ఏడ్చింది.

"గిక్కడనే చెల్లె. గిక్కడనే ఆయన కూసున్నడు" అంది.

కూర్చున్నది మార్కండేయులు. ఆయనకు కూడా డాక్టరు నడవమనే చెప్పాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఆదివారాలు ఈ గుట్టకు వచ్చేవారట. కిందటి ఏడు సీతాఫలాల కాలంలో అలాగే వచ్చారు. ఈ బండల దగ్గర ఆయనకు ఆయాసం వచ్చింది.

"నువ్వు నడువు, నేను జర కూసుండి అస్త అన్నడు. సరే అని నేను పైకి పోయిన. అటు పక్క సీతాఫలం చెట్టుకు కండ్లు దెరిచిన కాయలు మస్తుగున్నయి. కొంగుల ఏసుకుంటున్న. గప్పుడు ఇనవడ్డది. 'లసుమా' అని."

"ఆయనేనా?" అన్నాను.

"గదే గదా." ఆమె నా చెయ్యి వదల్లేదు. "ఆయన గట్ల పిలువడు. మూడు కలిపి పిలుస్తడు. గిది ఒక్కటే. సన్నగ. నా పానం జల్లుమన్నది. అంజన్నా అంజన్నా అనుకుంట నిలవడ్డ. మల్ల ఇనవడ్డది, 'లసుమా' అని. మూడోది అస్తదని సూసిన. రాలె. ఎంతసేపు నిలవడ్డనో నాకెర్క లేదు. దిగి అచ్చేసరికి గీ బండకు ఒరిగి ఉన్నడు. కండ్లు పై బాట దిక్కే ఉన్నయి."

గుండెనొప్పి పెద్దదని, పక్కన ఎవరున్నా చెయ్యగలిగింది లేదని డాక్టరు చెప్పాడట. ఆ మాటతో కొడుకు, బిడ్డ, చుట్టాలు అందరూ ఊరుకున్నారు. పిలుపుల సంగతి ఆమె డాక్టరుకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. దూరాన ఉన్నాను, ఏం వినబడలేదు అని అందరితో చెప్పింది.

"గిప్పుడు ఎందుకు అస్తున్నవక్కా మల్ల గీడికి?"

"ఇనవడ్తది చెల్లె. నేను గీ మలుపు కాడ నిలవడ్డప్పుడల్లా ఇనవడ్తది. గట్లనే, రెండుసార్లు. మూడోది రావద్దని మొక్కుకుంట నిలవడ్త."

అర్థం కాక ఆమె వైపు చూశాను. మెల్లగా విడమరిచి చెప్పింది. మూడో పిలుపు రాకపోతే అది దయ్యమే. ఆ రోజు పిలిచింది కూడా ఆ దయ్యమే. అప్పుడు ఆమె పలకకపోవడమే మంచిదైంది, మార్కండేయులు ఎవర్నీ పిలవకుండానే కళ్ళు మూశాడు. ఒకవేళ మూడోది వచ్చిందా, ఇప్పుడు పిలిచేది ఆయనే. ఆ రోజు పిలిచింది కూడా ఆయనే. చావు ముంచుకొచ్చి మొగుడు పిలుస్తుంటే ఆమె కొంగులో కాయలు పెట్టుకుని వింటూ నిలబడింది.

దయ్యాలు లేవక్కా అనబోయి ఆగాను. పెదవి దాకా వచ్చింది మాట. దయ్యాలు లేవంటే, పిలిచింది మార్కండేయులే అని నా నోటితో నేను చెప్పినట్టు గదా. కుంటుకుంటూ ఆమె భుజం పట్టుకుని దిగాను.

ఆ తర్వాత నాకు కూడా ఆ గుట్ట పట్టుకుంది. మిషన్ తొక్కుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచినట్టనిపించి కాలు ఆపేదాన్ని. ఇంట్లో మా ఆయన పిలిస్తే వెంటనే పలకడానికి ఒక క్షణం జంకేదాన్ని, ఆ జంకు నాకే అసహ్యమేసేది. లసుమవ్వను చూసి నవ్వేవాళ్ళతో కలిసి ఇప్పుడు నేను నవ్వడం మానేశాను.

చలి మొదలైన రోజుల్లో ఆమె కొడుకు నరేశ్ నా దుకాణానికి వచ్చాడు. గార్మెంట్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, నెమ్మదైన వాడు. స్టూలు మీద కూచున్నాడు.

"సుజాతక్కా, అమ్మను ఇగ గుట్టలకు తోలుకపోకు" అన్నాడు. "అన్నం తింటలేదు. ఇంట్ల కూసున్నా చెవి బయటనే ఉంటది. టీవీ పెడితె బంద్ చెయ్యమంటది. ఆమె ఏం ఇంటున్నదో నాకు సమజయితలేదు. మా చెల్లె స్వరూప కోరుట్లకు తనింటికి తీస్కపోత అంటున్నది. సోమవారం తోలిస్త. గీడ ఉంటె మనిషి దక్కది."

వాడికి పిలుపుల సంగతి తెలియదు. చెప్పడానికి అది నా రహస్యం కాదు. ఒక్క ఆదివారం మాత్రం ఆమెను నాతో పంపమని అడిగాను. వాడికి ఇష్టం లేదు. కానీ ఆ సాయంత్రం లసుమవ్వే ఫోన్ చేసింది.

"ఆఖరుసారి చెల్లె. ఈసారి ఒక్కదాన్ని నిలవడలేను. నువ్వు నా పక్కకు ఉండు. గది ఏందో తేలకుండ కోరుట్లకు పోతె, గాడ గూడ నా చెవి గీడనే ఉంటది."

ఆ ఆదివారం మంచు దట్టంగా పడింది. గంభీరావుపేట దారంతా తెల్లగా ఉంది, బస్సు లైట్లు వేసుకుని పాకినట్టు పోయింది. రామస్వామన్న మఫ్లర్ చుట్టుకుని ముందు నడిచాడు. బండలు దాటి మలుపు పైన మేమిద్దరం ఆగిపోయాం. మిగతావాళ్ళు మంచులో కలిసిపోయారు, కాసేపు వాళ్ళ మాటలు వినబడ్డాయి, తర్వాత అవీ లేవు. తునికి ఆకుల మీది నుంచి నీటిచుక్కలు కింద రాలుతున్నాయి. లసుమవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు ఆకు కత్తిరించీ కత్తిరించీ గట్టిపడ్డవి, మంచులా చల్లగా ఉన్నాయి.

నేను కింది బాట వైపు చూడలేదు. చూస్తే ఎవరో కూచుని ఉంటారన్న భయం. చెట్టంత మనిషిని, నలుగురికి కొలతలు తీసి జాకెట్లు కుట్టేదాన్ని, చిన్నపిల్లలా కళ్ళు నేలకు వేసుకుని నిలబడ్డాను.

ఉన్నట్టుండి ఆమె వేళ్ళు నా చేతిని నొక్కాయి. నాకేమీ వినబడలేదు. చాలాసేపటికి, నిజంగా చాలాసేపటికి, మళ్ళీ నొక్కాయి. ఈసారి నాకు కూడా, వినబడిందో లేదో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను, కింద బండల వెనక ఎవరో గొంతు పెగల్చుకోబోయి పెగలనట్టు అనిపించింది.

మూడోది రావద్దు దేవుడా అని నేను మొక్కుకున్నాను. ఆమె మొక్కే నా మొక్కైంది.

లసుమవ్వ మూడోదాని కోసం ఆగలేదు. నా చెయ్యి విడిపించుకుని రెండడుగులు కిందికి దిగి, గొంతెత్తి పలికింది.

"ఆఁ... అస్తున్న! అస్తున్న నరేశు బాపూ!"

కొడుకు పేరు కలిపి మొగుణ్ణి పిలిచిన ఆ కేకను మంచు మింగేసింది. నేను పోయి ఆమె భుజాలు పట్టుకున్నాను. దయ్యానికే పలికిందని ఆ క్షణం నేను నిజంగానే అనుకున్నాను.

"ఏం జేసినవక్కా! మూడోది రానీయకపోతివి!"

"ఆయనకు మూడోది ఏడికెళ్ళి అస్తది చెల్లె? దమ్ము ఉండాలె గదా." ఆమె ఏడవడం లేదు. కింది బాట వైపే చూస్తూ అంది. "గా రోజే నాకెర్క. పెనిమిటి గొంతు ఎర్క వట్టలేని ఆడిది ఉంటదా? మొదటి పిలుపుకే ఎర్క వట్టిన. గానీ ఆయన గంత సన్నగ ఎన్నడు పిలువలె. గా గొంతు ఇంటెనే నాకు సమజైంది. దిగిపోతె ఏం సూడాలెనో అని కాళ్ళు రాలె. నాయినమ్మ మాటను అడ్డం వెట్టుకోని నిలవడ్డ. గింతకాలం గదే అడ్డం వెట్టుకున్న."

ఓదార్పు మాటలు నాకు చాలా వచ్చు. కొలతలకు వచ్చే ఆడవాళ్ళందరికీ ఏదో ఒకటి చెప్పి పంపుతుంటాను. ఆ పూట మాత్రం ఆమెను దగ్గరికి తీసుకున్నాను. నా గుండెల మీద ఆమె తల బరువుగా ఆనింది.

కాసేపటికి తల ఎత్తి చెవి రిక్కించింది. ఏమీ లేదు. మళ్ళీ విన్నది. నీటిచుక్కలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎండాకాలం నుంచి ఆ మలుపులో వినబడ్డ పిలుపు ఆమె పలికిన మరుక్షణం ఆగిపోయింది. మూడోది రావద్దనే కదా ఇన్నాళ్ళు మొక్కుకుంది! ఇప్పుడు ఆమె ముఖంలో కనిపించింది నెమ్మది కాదు, కంగారు. బండల దాకా దిగింది. వాటి చుట్టూ తిరిగి చూసింది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఈసారి తనే పిలిచింది.

"ఓ నరేశు బాపూ!"

మంచు కదల్లేదు. ఎక్కడో దూరాన నెమలి ఒకటి అరిచి ఊరుకుంది.

"నరేశు బాపూ!"

ఆమె ఆగింది. మళ్ళీ పిలవడానికి ఊపిరి పీల్చుకుంది, నోరు తెరిచింది, పిలవకుండానే మూసింది.

"పిలువక్కా" అన్నాను. "ఇంకొక్కసారి పిలువు. మనసు కుదుటపడుతది."

లసుమవ్వ తల అడ్డంగా ఊపింది. కొంగుతో నోరు గట్టిగా మూసుకుని, దాని వెనక నుంచే అంది.

"మూడోసారి గూడ పలుకకపోతె ఎట్ల చెల్లె?"

పై నుంచి రామస్వామన్న చాయ్‌కి రమ్మంటున్నాడు. మేం పోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించాను. బస్సెక్కిందాకా కొంగు నోటి మీది నుంచి తియ్యలేదు. మర్నాడు నరేశ్ ఆమెను కోరుట్లకు తోలేసి వచ్చాడు.